డయలప్ మాటిమాటికీ తెగిపోతోందా? ముందు రిసీవర్ ఎత్తి వినండి

కంప్యూటర్ మాటలను శబ్దాలుగా మార్చే మోడెమ్‌ను ఫోను లైనుకు తగిలించి, నంబరు కొట్టి నెట్‌కు కలిసే డయలప్ రోజుల సంగతి ఇది. తిరుపతిలో నాకు తెలిసిన ఇళ్లలో నెట్ సరిగా రాకపోతే మొదట జరిగేది ఒకటే, కంప్యూటర్ రిపేరు కుర్రాడికి కబురు పెట్టడం. అతనొచ్చి విండోస్ మళ్లీ ఎక్కిస్తాడు, దానికీ లొంగకపోతే మోడెమ్ మారుస్తాడు, డబ్బులు తీసుకుని వెళ్తాడు. నాలుగు రోజులు బాగానే ఉన్నట్టుంటుంది, ఒక వాన పడగానే కథ మళ్లీ మొదటికొస్తుంది. ఇలా అనవసరంగా ఖర్చుపెట్టే వాళ్లను చూసీ చూసీ ఇక రాయాల్సిందే అనిపించింది. నేను చూసినంతలో డయలప్ గొడవల్లో చాలావరకు కంప్యూటర్‌లో ఉండవు. గోడమీదుండే చిన్న తెల్లపెట్టెకీ, వీధిలోని స్తంభానికీ మధ్య నడిచే రెండు సన్నటి రాగి తీగల్లో ఉంటాయి. వాటిని పరీక్షించడానికి ఒక మామూలు ఫోను, ఒక స్క్రూడ్రైవరు, కాస్త ఓపిక చాలు. అప్పటి బీఎస్ఎన్ఎల్ డయలప్ నంబర్లు 172222, 172233లలో మీరు ఏది కొట్టేవాళ్లయినా తీగ మాత్రం అదే.

ఈ మాట చెప్పగానే అందరూ అడిగేది ఒకటుంది. కొర్లగుంటలో ఉండే మా పిన్నమ్మ కూడా అదే అడిగింది, "మాటలు బాగానే వినపడతా ఉండాయి కదరా, ఫోనుకేం రోగం?" అని. మాటలు వినపడటం వేరు, మోడెమ్‌కు సరిపోవడం వేరు. ఫోను లైను మోసేది సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య శబ్దాన్నే. ఆ ఇరుకులో మనిషి గొంతు హాయిగా పడుతుంది, మధ్యలో ఒక ముక్క వినపడకపోయినా "అమ్మ వచ్చిం... రేపు" అన్నా మన బుర్ర దాన్ని పూరించుకుంటుంది. మోడెమ్‌కు అలా ఊహించుకునే వీల్లేదు. అది అదే ఇరుకులో సెకనుకు వేలకొద్దీ బిట్లు కూరి పంపుతుంది, కాబట్టి కంటిరెప్ప పాటు గర్రుమన్నా అక్కడున్న ముక్కంతా పాడైపోతుంది. పాడైన ముక్కను మళ్లీ పంపమని అడుగుతుంది, అలా అడిగీ అడిగీ కుదరకపోతే అటు మోడెమూ ఇటు మోడెమూ మళ్లీ మొదట్నుంచి లైనును కొలుచుకోవడం మొదలుపెడతాయి. స్క్రీను కింద మూలన, కనెక్షన్ ఉందని చూపే రెండు చిన్న కంప్యూటర్ల బొమ్మ అలాగే ఉండి, పేజీ మాత్రం ఎంతసేపటికీ కదలక మనం కూర్చుని చూస్తుంటామే, చాలాసార్లు లోపల జరుగుతున్నది ఇదే. ఆ కొలతలు కూడా కుదరకపోతే లైను కట్. మళ్లీ కొడితే మళ్లీ కొత్త కాల్, బిల్లులో కొత్త పల్స్, అంటే కాల్‌కు డబ్బులు లెక్కకట్టే ఇంకో ముక్క. అలా పాడు తీగకు మనమే నెలనెలా జరిమానా కట్టుకునేవాళ్లం.

సరే, వినడం ఎలాగో చెప్తాను. రిసీవర్ ఎత్తగానే డయల్ టోన్ వస్తుంది, ఆ టోన్ చప్పుడులో చిన్న చిన్న రోగాలు వినపడవు. అందుకని ఏదో ఒక అంకె, 2 అనుకోండి, ఒక్కసారి నొక్కి ఊరుకోండి. టోన్ ఆగిపోయి, ఎక్స్ఛేంజ్ మిగతా అంకెల కోసం ఎదురుచూస్తూ కొన్ని సెకన్లు నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ నిశ్శబ్దమే మీ లైను అసలు రూపం. ఫ్యాన్ ఆపేసి, టీవీ కట్టేసి, రెండో చెవి మూసుకుని వినండి. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, వాన వెలిసిన వెంటనే ఒకసారి విని చూడండి. కార్డ్‌లెస్ ఫోనుతో మాత్రం ఈ పరీక్ష చేయకండి, దాని సొంత గోల దానికి ఉంటుంది.

నిప్పుల్లో ఉప్పు వేసినట్టు చిటపటమంటుంటే ఎక్కడో ఒక జాయింటు వదులుగా ఉందనో, తుప్పు పట్టిందనో అర్థం. ఇందులో ఒక తమాషా గుర్తుంది, బయట్నుంచి ఒక రింగ్ వచ్చాక కాసేపు గరగర తగ్గి లైను శుభ్రంగా ఉంటే అది తుప్పు జాయింటేనని దాదాపు ఖాయం చేసుకోవచ్చు, ఎందుకంటే రింగ్ కోసం వచ్చే వోల్టేజీ పెద్దది, అది ఆ తుప్పు పొరను కాసేపు చీల్చుకుని దారి చేసుకుంటుంది. గాలి వీచినప్పుడే గరగర వస్తే స్తంభం నుంచి ఇంటికి వచ్చే నల్ల డ్రాప్ వైరు మీద అనుమానపడండి. మన దగ్గర గంగజాతర రోజుల ఎండ సంగతి తెలిసిందే కదా, ఏళ్ల తరబడి ఆ ఎండకు మాడి వైరు తొక్క పెళుసెక్కుతుంది, ఆ తర్వాత అక్టోబర్, నవంబర్ వానలకు ఆ పగుళ్లలోంచి నీళ్లు దిగుతాయి. కపిలతీర్థం, అలిపిరి వైపు కొండ కింద ఉన్న ఇళ్లకు కోతుల బెడద అదనం, అవి వైరు పట్టుకుని ఊగితే జాయింటు లోపలే తెగి తొక్క ఒక్కటే వేలాడుతూ ఉండొచ్చు, కింద నుంచి చూస్తే అంతా బాగున్నట్టే కనపడుతుంది.

గుంయ్‌మని ఆగకుండా ఒకే రాగం వస్తుంటే అది కరెంటు హమ్. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఫోను తీగలు రెండూ ఒకదాన్నొకటి మెలివేసుకుని వస్తాయి. పక్కన పోయే కరెంటు లైను 50 హెర్ట్జ్ ప్రభావం రెండింటి మీదా సమానంగా పడుతుంది, అవతల ఫోను చూసేది రెండింటి మధ్య తేడాను మాత్రమే కాబట్టి అది కొట్టుకుపోయి మనకు ఏమీ వినపడదు. రెండింట్లో ఒక తీగ తడిగోడకు ఆని ఎర్త్ అయినా, ఒక తీగ జాయింటు మాత్రమే పాడైనా ఆ సమానం చెడిపోతుంది, గుంయ్‌మనడం మొదలవుతుంది. అంటే హమ్ వినపడితే కరెంటు వాళ్లను తిట్టుకోనక్కర్లేదు, మీ రెండు తీగల్లో ఒకదానికి దెబ్బ తగిలిందని తెలుసుకోవాలి. ఇక దూరంగా ఎవరి మాటలో సన్నగా వినపడుతుంటే, ఫోను దానంతటదే ఒక్కసారి టింగ్‌మని ఊరుకుంటుంటే, కేబుల్లో తడి చేరిందని చాలావరకు అనుకోవచ్చు. అది మన చేతిలో పని కాదు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన పని. రోగం ఇంటి లోపలా, బయటా? ఇది తేల్చకుండా చేసే రిపేరంతా చీకట్లో బాణం వేయడమే. బయట్నుంచి వైరు వచ్చి మొట్టమొదట దిగే పెట్టె ఒకటుంటుంది, రోసెట్ అంటారు. ఇంట్లో అదే లైను మీదున్న ప్యారలల్ ఫోన్లు, కాలర్ ఐడీ డబ్బా, ఫ్యాక్స్, మోడెమ్, అన్నీ పీకేయండి. పీకడమంటే పిన్ను తీయడం ఒక్కటే కాదు, ఆ మొదటి పెట్టెలోంచి లోపలి గదులకు పోయే వైర్లను కూడా స్క్రూ వదులు చేసి విడదీయండి, లేకపోతే పరీక్షకు అర్థం ఉండదు. తర్వాత ఒక్క మంచి ఫోనును నేరుగా అక్కడే తగిలించి పైన చెప్పినట్టు వినండి. గరగర పోయిందా, దొంగ ఇంట్లోనే ఉన్నాడు. అలాగే ఉందా, బయట ఉన్నాడు. లోపలైతే ఒక్కొక్క వైరు మళ్లీ కలుపుతూ పోండి, ఏది కలపగానే చప్పుడు మొదలైందో అదే.

పిన్నమ్మ వాళ్లింట్లో రోసెట్ బాత్రూమ్ గోడకు అవతలి వైపున ఉంది. మూత తీయగానే సన్న చీమలు బిలబిలమని బయటికొచ్చాయి, అడుగున తెల్లటి గుడ్లు. స్క్రూల చుట్టూ రాగి మీద పచ్చటి చిలుము, వేలితో రుద్దితే పొడిలా రాలింది. తీగల మధ్య ఎప్పుడూ 48 వోల్టులు ఉంటాయి కదా, గోడ తేమకు ఆ రెండు స్క్రూల మధ్య కంటికి కనపడనంత కరెంటు పారుతూ పారుతూ రాగిని తినేస్తుంది. ఒక తీగ స్క్రూ కింద దాదాపు తెగడానికి సిద్ధంగా ఉంది, నాలుగు వెంట్రుకలంత మిగిలింది. పాత కొనలు కత్తిరించి, కొత్త రాగి మెరిసేదాకా తొక్క తీసి, కొత్త పెట్టె తెచ్చి తలుపు పక్కన పొడి గోడకు బిగించాం. చీమలు రాకుండా వైరు దూరే కంతకు కాస్త మైనం పెట్టాం. లోపలి గరగర అక్కడితో పోయింది. బయటిది మిగిలింది, దాని సంగతి తర్వాత చెప్తాను.

లోపలి వైరింగ్ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఒకటుంది. ఎలక్ట్రికల్ షాపులో మీటర్ల లెక్కన అమ్మే ఆ బల్లపరుపు వైరును ముందు గది నుంచి పడగ్గది దాకా లాగకండి. అందులో తీగలు మెలి తిరిగి ఉండవు, పైన హమ్ గురించి చెప్పిన సమానం అక్కడే పోతుంది. పైగా చాలామంది ఇళ్లు కట్టేటప్పుడు కరెంటు పైపులోనే ఫోను వైరు కూడా దూర్చేస్తారు. అది నెట్‌కూ మంచిది కాదు, తొక్క చెడితే మనిషికీ మంచిది కాదు. బదులుగా నెట్‌వర్క్ కేబుల్, అదే ఆఫీసుల్లో కంప్యూటర్లు కలపడానికి వాడేది, కావలసినంత కొనుక్కోండి. అందులో నాలుగు జతలుంటాయి, ఒక జత చాలు. కానీ నీలం తీగకు జోడీ నీలం చారలున్న తెల్లదే. నీలం ఒకటి, ఆకుపచ్చ ఒకటి కలిపారంటే మెలి ఉన్న ఫలితమే పోతుంది, ఇది తెలిసిన ఎలక్ట్రీషియన్లు కూడా పొరబడటం చూశాను. గోడకు వైరు పట్టించే మేకు వైరు మధ్యలోంచి దిగకుండా చూసుకోండి, దిగితే పొడి రోజుల్లో ఏమీ తెలియదు, గోడ చెమ్మెక్కినప్పుడే బయటపడుతుంది. మోడెమ్‌కు మధ్యలో జంక్షన్లు, అడాప్టర్లు పెట్టకుండా మొదటి పెట్టె నుంచి నేరుగా వైరు ఇస్తే అంతకు మించింది లేదు.

మల్టీమీటర్ ఉన్నవాళ్లకు ఒక మాట. ఫోను పెట్టేసి ఉన్నప్పుడు రెండు తీగల మధ్య డీసీ 48 నుంచి 52 వోల్టుల దాకా చూపించాలి, ఫోను ఎత్తితే అది 6 నుంచి 12 మధ్యకు దిగుతుంది. పెట్టేసి ఉన్నప్పుడే బాగా తక్కువ చూపిస్తుంటే ఎక్కడో లీకవుతోందని అర్థం. ఎత్తగానే 2కో 3కో పడిపోతే మధ్యలో జాయింటు అడ్డం పడుతోందని అనుమానించొచ్చు. బోసి తీగలు పట్టుకుని పనిచేసేటప్పుడు రింగ్ వస్తే 75 వోల్టులకు పైగా ఏసీ వస్తుంది, చెయ్యి ఝుమ్మంటుంది. తడి చేతులతో, ఉరుముల వేళ ఆ పెట్టె జోలికే పోవద్దు.

తీగ బాగుపడ్డాక కూడా తేడాగా ఉంటే అప్పుడు మోడెమ్ వైపు చూడండి. కనెక్ట్ అయ్యేటప్పుడు వచ్చే ఆ కీచుమనే పాటను చాలామంది గోల అని ఆపేస్తారు, నేనైతే ఆపవద్దనే చెప్తాను, రోగం వినడానికి అదొక దారి. టోన్, అంకెలు, రింగ్, అవతలి మోడెమ్ కూత, తర్వాత పెద్ద సరసర, ఆపైన నిశ్శబ్దం. ఆ సరసర దగ్గరే మళ్లీ మళ్లీ తిరుగుతుంటే లైను కొలతలు కుదరట్లేదన్నమాట. కనెక్ట్ కానప్పుడు విండోస్ చూపించే ఎర్రర్ నంబర్లకు కూడా ఒక్కోదానికి ఒక్కో అర్థం ఉంది. 680 అంటే మోడెమ్‌కు డయల్ టోన్ అందలేదు, చేత్తో ఎత్తితే మీకు టోన్ వినపడుతుంటే విండోస్‌లో ఫోన్ అండ్ మోడెమ్ ఆప్షన్స్‌కు వెళ్లి డయల్ టోన్ కోసం ఆగమనే టిక్కు తీసేయండి, మన టోన్‌ను గుర్తుపట్టని మోడెమ్‌లు ఉన్నాయి. 678 అంటే అవతల నుంచి జవాబు రాలేదు. 676 అంటే బిజీ. 691 అంటే యూజర్ నేమో, పాస్‌వర్డో కుదరలేదు, దీనికి తీగతో సంబంధమే లేదు.

కనెక్ట్ అయ్యాక వేగం సెకనుకు 115,200 బిట్లు అని చూపిస్తే సంబరపడకండి. అది మీ కంప్యూటరుకూ మోడెమ్‌కూ మధ్య ఉన్న వేగం, బయటి లైనుది కాదు. మోడెమ్ అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో అదనపు కమాండ్లు రాసే చోట డబ్ల్యూ, 2 అని పక్కపక్కన రాస్తే చాలా మోడెమ్‌లు అసలు వేగం చూపిస్తాయి. అది 40,000 దాటితే మీ లైను బాగున్నట్టే. 56కే, అంటే సెకనుకు 56 వేల బిట్లు, అని డబ్బా మీద రాసి ఉన్నది పూర్తిగా ఎవరికీ రాదు, అదీ నెట్ నుంచి మనకు వచ్చే దిగుమతి వైపే, మనం పంపే వైపు వీ 90 అనే పద్ధతి మోడెమ్‌లో 33.6కే మించదు. ఆ మాత్రం రావడానికి కూడా ఎక్స్ఛేంజ్ నుంచి నెట్ ఇచ్చేవాళ్ల దాకా అంతా డిజిటల్‌గా ఉండి, అనలాగ్ ముక్క మీ ఇంటి తీగ ఒక్కటే అయ్యుండాలి. ఒకే జత మీద రెండు ఇళ్లకు లైను ఇచ్చే పెట్టె మధ్యలో ఉంటే ఇక 33.6 లోపే తృప్తి పడాలి, మోడెమ్ ఎంత ఖరీదైనదైనా సరే.

దూరం ఎక్కువున్న ఇళ్లకు, మంగళం వైపో, చంద్రగిరి దారిలోనో ఉన్నవాళ్లకు నేను ఇచ్చే సలహా వేగం తగ్గించుకోమని. వినడానికి ఇష్టం ఉండదు, నిజమే. కానీ మోడెమ్ ఆశకు పోయి 45,000 దగ్గర పట్టుకుని అయిదు నిమిషాలకోసారి జారిపడేకంటే, 28,800 దగ్గర గంటసేపు కదలకుండా ఉండటం వెయ్యి రెట్లు నయం. రైలు టికెట్టు బుక్ చేస్తూ డబ్బులు కట్టే పేజీలో లైను కట్టయిన వాళ్లకు ఆ టెన్షన్ ఏమిటో తెలుసు. అదే కమాండ్ల గడిలో ప్లస్, ఎం, ఎస్, ఈక్వల్స్, ఆ తర్వాత వీ 34 అని ఖాళీ లేకుండా రాస్తే చాలా మోడెమ్‌లు 56కే జోలికి పోకుండా పాత పద్ధతిలో కలుస్తాయి. అన్ని చిప్‌లకూ ఒకే కమాండ్ ఉండదు, మీ మోడెమ్ పుస్తకం ఒకసారి తిరగేయండి.

ఇక బయటి రోగం. ఇక్కడ మనం చెప్పే మాటల్లోనే సగం పని ఉంది. అప్పట్లో ఫోను ఫిర్యాదుల నంబరైన 198కి ఫోన్ చేసి "నెట్ స్లో" అంటే అది ఫోను ఫిర్యాదు కిందికే వచ్చేది కాదు. నెట్ అనే మాటే ఎత్తకండి. "లైన్లో నాయిస్ ఉంది, లోపలి వైరింగ్ అంతా తీసేసి మొదటి పెట్టె దగ్గర మామూలు ఫోనుతో చూసినా ఉంది, వాన పడితే ఎక్కువవుతోంది" అని చెప్పి ఫిర్యాదు నంబరు రాసుకోండి. పిన్నమ్మ ఇంటికి వచ్చిన లైన్‌మన్ గుమ్మంలోనే అడిగాడు.

"లోపల ప్యారలల్ ఏమన్నా ఉండాదా సార్?"

"అన్నీ పీకేసి పెట్టానన్నా. పెట్టె దగ్గరే గరగర ఉంది, కావాలంటే మీరే వినండి."

ఆయన తన చేతి ఫోను తగిలించి ఒక్క క్షణం విని, ఇంకో మాట లేకుండా నిచ్చెన తీసుకుని స్తంభం దగ్గరికి పోయాడు. సన్‌షేడ్ పక్కన ఎప్పుడో వేసిన జాయింటు, నల్ల టేపు చుట్టి ఉంది, టేపు విప్పితే లోపల తడి, రెండు తీగల కొనలూ పచ్చపొడి. తీగలను వేళ్లతో మెలివేసి టేపు చుట్టేది జాయింటు కాదు సార్ అని ఆయనే అన్నాడు. కత్తిరించి, లోపల జెల్లీ ఉండే చిన్న కనెక్టర్లతో కలిపాడు, అందులోకి నీరు దిగదు. జాయింటుకు ముందు వైరు కొంచెం కిందికి వంగేలా వదిలాడు, వాన నీళ్లు వైరు వెంట జారి అక్కడే కారిపోవాలని. ఇంత శ్రద్ధగా పనిచేసే వాళ్లు దొరికితే కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు అడగండి, పుస్తకాల్లో లేని సంగతులు చెప్తారు. ఆ సాయంత్రం 26,400 దగ్గర కొట్టుకుంటున్న కనెక్షన్ 44,000కు వచ్చింది, పిన్నమ్మ అమెరికాలో ఉన్న కొడుకుతో తెగకుండా చాట్ చేసింది. ఇన్నాళ్లూ వాడే ఏదో పనిలో ఉండి మధ్యలో లేచిపోతున్నాడని ఆవిడ మనసులో బాధపడుతూ ఉండేదట, నాకు ఆరోజే తెలిసింది.

జాయింట్లు బాగుచేసినా గరగర తిరిగొస్తుంటే తీగల తొక్క ఎక్కడన్నా లీకవుతోందేమో చూసే ఇన్సులేషన్ టెస్టు చేయమని, కేబుల్లో మంచి జత ఖాళీ ఉంటే పెయిర్ మార్చమని అడగండి. ఈ రెండు మాటలు వాళ్లు రోజూ వాడేవే, మనం వాడితే తేలిగ్గా తీసుకోరు.

ఉరుముల కాలంలో చాలామంది కంప్యూటర్ కరెంటు ప్లగ్ తీసి నిశ్చింతగా ఉంటారు, ఫోను వైరు మాత్రం మోడెమ్‌కే ఉంటుంది. పిడుగు దెబ్బ ఫోను తీగ మీదుగా కూడా వస్తుంది, మోడెమ్‌తో పాటు మదర్‌బోర్డు పోయిన ఇళ్లు ఉన్నాయి. ఆకాశం ఉరిమితే రెండూ తీయాలి.

మా వీధికి బ్రాడ్‌బ్యాండ్ రాగానే ఇవన్నీ అక్కర్లేదు కదా అని అప్పట్లో ఒకాయన అన్నారు. అప్పట్లో ఇళ్లకు అదీ ఈ రాగి జత మీదే వచ్చేది, కాకపోతే 3400 హెర్ట్జ్ దగ్గర ఆగకుండా పది లక్షల హెర్ట్జ్ దాటి పైకి పోయేది, పాడు జాయింటుకు డయలప్ మోడెమ్ కంటే ఎక్కువ అలిగేది. రాగి తీగ మీద వచ్చే బ్రాడ్‌బ్యాండ్ ఫోను మోగినప్పుడల్లా తెగే ఇళ్లలో కూడా చూడాల్సినవి ఇవే, ఆ పెట్టె, ఆ జాయింటు, వీటితో పాటు బ్రాడ్‌బ్యాండ్‌నూ ఫోను శబ్దాన్నీ ఒకదానికొకటి తగలకుండా విడదీసే ఫిల్టర్లు. మొదటి పెట్టె దగ్గరే, ఇంటి మొత్తానికీ ఆ పని చేసే స్ప్లిటర్ పెడితే మంచిది, లేదా ప్రతి ప్యారలల్ ఫోనుకూ ఒక ఫిల్టర్ పెట్టాలి, ఒక్క ఫోనుకు వదిలేసినా మిగతావన్నీ పెట్టిన ప్రయోజనం ఉండదు.